దీపం ఏ సాయంత్రం పెట్టాలి?

పోయినేడు దసరాకి ముందు ఓ రోజు పొద్దున్నే అమ్మ ఫోన్ చేసింది. టీ కూడా తాగలేదింకా. ‘‘ఏమ్మా, నాన్న ఆబ్దికం ఈసారి ఏ రోజొచ్చిందో చూశావా? అన్నయ్య అక్కడ ఒక రోజంటున్నాడు, మన శాస్త్రిగారు ఇక్కడ ఇంకో రోజంటున్నారు. ఇద్దరిలో ఎవరి మాట వినాలే?’’

అమ్మ ఉండేది తెనాలిలో. అన్నయ్య ఉండేది అమెరికాలో, డల్లాస్‌లో. నేనేమో హైదరాబాద్‌లో. పోయిన మనిషి ఒక్కరే, తిథి ఒక్కటే. రోజులు మాత్రం రెండయ్యాయి!

మీ ఇళ్ళల్లోనూ ఈ గొడవ ఉండే ఉంటుంది. వంటింటి గోడకి వేలాడే వెంకట్రామా క్యాలెండరు ఒక లెక్క చెబుతుంది. సెల్‌ఫోన్‌లోని పంచాంగం ఇంకో లెక్క చెబుతుంది. నిజానికి రెండూ తప్పు కాదు. తిథి అనేది చంద్రుడికీ సూర్యుడికీ మధ్య దూరాన్నిబట్టి వచ్చే లెక్క. అది లోకమంతటికీ ఒకేసారి మారుతుంది. కానీ తెనాలిలో మధ్యాహ్నమైనప్పుడు డల్లాస్‌లో ఇంకా తెల్లారనే లేదు. ఆబ్దికానికి అపరాహ్ణంలో ఏ తిథి ఉందో చూస్తారు కాబట్టి అక్కడి మధ్యాహ్నానికి ఒక తిథి, ఇక్కడి మధ్యాహ్నానికి ఇంకో తిథి ఉండొచ్చు. అందుకే అన్నయ్య తన ఊరి పేరు కొట్టి చూసుకున్న రోజు, శాస్త్రిగారు చెప్పిన రోజు వేరయ్యాయి.

మా ఇంట్లో ఇంకో చిక్కు కూడా ఉంది. నాన్న పోయింది 2020 అక్టోబరు మొదటి వారంలో. కరోనా రోజులు. ఆస్పత్రి నుంచి నేరుగా శ్మశానానికి. మొహం చూసుకునే అదృష్టం కూడా సరిగ్గా లేదు. అన్నయ్యకి విమానం దొరకలేదు. ఫోన్‌లో చూశాడు. ఆ ఏడు ఆశ్వయుజం రెండుసార్లొచ్చింది. నాన్న పోయింది అధిక ఆశ్వయుజంలో. మరుసటేడు అధికమాసం లేదు కదా, మరి ఆబ్దికం ఎప్పుడు? ‘‘మామూలు ఆశ్వయుజంలోనే, అదే తిథికి’’ అన్నారు శాస్త్రిగారు. అలా అక్టోబరు మొదటి వారంలో పోయిన మనిషికి 2021లో నాలుగో వారంలో ఆబ్దికం పెట్టాం. అమ్మకి మాత్రం ఆ మొదటి వారం రాగానే గుండె బరువెక్కుతుంది. పైకి చెప్పదు. ఆ రోజు ఊరికే వంటింట్లోకీ వరండాలోకీ తిరుగుతూ ఉంటుంది.

ఆ పొద్దున అన్నయ్య చెప్పిన వెబ్‌సైట్‌నీ శాస్త్రిగారి లెక్కనీ పక్కపక్కన పెట్టుకుని కూర్చున్నప్పుడు నాకో సంగతి గుర్తొచ్చింది. మా వైపే, తెనాలికి ఎంతో దూరం లేని ఒక ఊళ్ళో, ఇదే ప్రశ్నని ఇంకో క్యాలెండరు ముందు పెట్టి అడిగేవాళ్ళున్నారు.

చేబ్రోలు పక్కన యెరూషలేము

గుంటూరు జిల్లా చేబ్రోలు పేరు వినగానే చాలామందికి పాత గుళ్ళు గుర్తొస్తాయి. దాని పక్కనే కొత్తరెడ్డిపాలెం. అక్కడ ఒక చిన్న యూదుల ప్రార్థనా మందిరం ఉంది. తెలుగు బైబిల్ చదివినవాళ్ళకి తెలిసిన మాటలో చెప్పాలంటే, సమాజమందిరం. ఆ మందిరానికి వెళ్ళేవాళ్ళు తమని బెనె ఎఫ్రాయిమ్ అని చెప్పుకుంటారు. అంటే ఎఫ్రాయిము సంతానం అని. యోసేపు కొడుకు ఎఫ్రాయిము. తప్పిపోయాయని చెప్పే ఇశ్రాయేలు పది గోత్రాల్లో ఆ గోత్రం ఒకటి.

వీళ్ళు మాదిగ కుటుంబాలవాళ్ళు. అంతకుముందు క్రైస్తవులు. షమూయేల్ యాకోబి, సాదోక్ యాకోబి అనే అన్నదమ్ముల నాయకత్వంలో 1980ల చివర్లో తాము యూదులమని ప్రకటించుకున్నారు. పదుల సంఖ్యలో కుటుంబాలు, అంతే. మచిలీపట్నంలోనూ కొందరున్నారు. మాట్లాడేది అచ్చంగా మన గుంటూరు తెలుగు. ప్రార్థనకి హీబ్రూ నేర్చుకున్నారు. యూలియా ఎగొరోవా, షాహిద్ పర్వేజ్ అనే ఇద్దరు పరిశోధకులు వీళ్ళ గురించి 2013లో ‘ద జ్యూస్ ఆఫ్ ఆంధ్రప్రదేశ్’ అనే పుస్తకమే రాశారు. వీళ్ళ వంశం నిజంగా అక్కడి నుంచే వచ్చిందా అన్నది పండితులు తేల్చుకోవాల్సిన విషయం. ఈ కాలమ్‌కి దానితో పని లేదు. పేరుకీ పుట్టుకకీ గౌరవం దొరకని చోట ఒక సముదాయం తన పాత కథ తానే వెతుక్కుంది. అందులో నాకు ఆసక్తి కలిగించింది వాళ్ళ రోజుల లెక్క.

ఎందుకంటే యూదుడిగా బతకడమంటే ముందు క్యాలెండరు మార్చుకోవడమే. వారంలో సెలవు ఆదివారం కాదు, శనివారం. అదీ శుక్రవారం సూర్యాస్తమయంతో మొదలవుతుంది. పండక్కి సెలవిచ్చే ఆఫీసు లేదు, గోడకి వేలాడే క్యాలెండర్లో ఆ పండగ పేరే ఉండదు. ఊళ్ళో శాస్త్రిగారిని అడిగినట్టు అడగడానికి పక్కన రబ్బీ కూడా లేడు. అలాంటి చోట ఈ సాయంత్రం దీపం పెట్టాలా, రేపు సాయంత్రమా అన్నది చిన్న ప్రశ్నేం కాదు. రోజు తప్పితే పండగ తప్పినట్టే!

ఇలా నాలుగు మూలలా చెదిరిన చిన్న చిన్న సముదాయాలకి ఇంటర్నెట్ క్యాలెండరు ఎంత ఆసరాయో ఊహించుకోవచ్చు. అలాంటివాటిలో బాగా పేరున్నది ‘హెబ్‌కాల్’. 1992లో డానీ సాడినాఫ్ అనే ఆయన దీన్ని కంప్యూటర్ ప్రోగ్రాంగా రాశారు. 1999లో మైఖేల్ రాడ్విన్ దాన్ని వెబ్‌సైట్ చేశారు. డబ్బు కట్టక్కర్లేదు. ఊరు ఎంచుకుంటే ఆ ఊళ్ళో ఏ పండగ ఎప్పుడో, శుక్రవారం దీపం ఎన్ని గంటలకి పెట్టాలో చెబుతుంది. చాలాచోట్ల సూర్యాస్తమయానికి 18 నిమిషాల ముందు దీపం పెట్టడం ఆనవాయితీ. యెరూషలేములో మాత్రం 40 నిమిషాల ముందు. మన తెనాలి వైపు జూన్‌లో ఆరున్నర దాటాక పొద్దుగూకుతుంది, డిసెంబరులో ఐదున్నర దాటిన కాసేపటికే గూకుతుంది. అంటే వారంవారం గడియారం చూసుకోవాల్సిందే.

మన అధికం, వాళ్ళ అదారు

ఆ లెక్కలోకి దిగిన కొద్దీ నాకు ఇది మన ఇంటి లెక్కలాగే ఉందే అనిపించింది.

వాళ్ళ నెలలూ చంద్రుడివే. అమావాస్య వెళ్ళాక నెల మొదలు. పదిహేనో రోజుకి పున్నమి. పన్నెండు నెలలకి సుమారు 354 రోజులు. సూర్యుడి ఏడాదికి పదకొండు రోజులు తక్కువ. ఆ లోటు అలాగే వదిలేస్తే పండగలు రుతువులు దాటి వెనక్కి వెనక్కి జరిగిపోతాయి. ముస్లింల క్యాలెండర్లో అదనపు నెల లేదు కాబట్టే రంజాన్ ఒకప్పుడు ఎండాకాలంలో వస్తుంది, ఇంకొకప్పుడు చలికాలంలో వస్తుంది. యూదుల పస్కా మాత్రం వసంతంలోనే రావాలని వాళ్ళ ధర్మశాస్త్రం. అందుకని మనలాగే వాళ్ళూ అప్పుడప్పుడూ ఒక నెల అదనంగా కలుపుతారు.

ఎన్నిసార్లు? 19 ఏళ్ళలో ఏడుసార్లు. మనకీ దాదాపు అంతే! 19 సౌర సంవత్సరాలకీ 235 చాంద్రమాసాలకీ తేడా రెండు గంటలే. ఆకాశంలో ఉన్న ఈ సంగతిని ఎక్కడివాళ్ళు అక్కడ కనిపెట్టుకున్నారు. కాకపోతే మన అధికమాసం ఏడాదికో నెలలో వస్తుంది. ఏ చాంద్రమాసంలో సంక్రమణం పడకపోతే అది అధికం. వాళ్ళకి అలా కాదు. ఎప్పుడొచ్చినా అదారు నెలే రెండుసార్లు వస్తుంది. మొదటి అదారు, రెండో అదారు.

అదారు పద్నాలుగున పూరీము. ఎస్తేరు కథ తెలుసుగా, ఆ రాణి తన జనాన్ని కాపాడుకున్న పండగ. 2025లో పూరీము, హోలీ రెండూ మార్చి 14నే వచ్చాయి. నీసాను నెల పున్నమికి పస్కా. మనకి చైత్ర పౌర్ణమి వైపు. ఈస్టరు లెక్కలోనూ పున్నమి ఉందన్న సంగతి మన చర్చిల్లో పెద్దవాళ్ళకి తెలుసు.

2025లో ఇంకో తమాషా జరిగింది. సెప్టెంబరు 22న మన శరన్నవరాత్రులు మొదలయ్యాయి. ఆ సాయంత్రమే పొద్దుగూకాక యూదులకి 5786వ సంవత్సరాది మొదలైంది. అక్కడ నుంచి పదో రోజు వాళ్ళకి ప్రాయశ్చిత్త దినం. ఏడాదంతా చేసిన తప్పులకి రోజంతా ఉపవాసముండి క్షమాపణ అడుక్కునే రోజు. మనకి పదో తిథికి విజయదశమి. రెండూ కలిసి అక్టోబరు 2న పడ్డాయి. అదే రోజు గాంధీ జయంతి కూడా! విజయవాడలో కనకదుర్గమ్మ కొండ కిటకిటలాడుతున్న రోజున లోకంలో ఇంకెక్కడెక్కడో జనం పచ్చి మంచినీళ్ళు కూడా ముట్టకుండా ప్రార్థనలో కూర్చున్నారు.

ప్రతి ఏడూ ఇలా కలుస్తుందనుకుంటే పొరపాటు. 2023లో మనకి అధిక శ్రావణం వచ్చి దసరా అక్టోబరు నాలుగో వారానికి జరిగింది. వాళ్ళ అదనపు అదారు ఆ తర్వాత 2024 మొదట్లో గానీ రాలేదు. దాంతో వాళ్ళ ప్రాయశ్చిత్త దినం సెప్టెంబరు 25నే అయిపోయింది. ఇద్దరి లెక్కా చంద్రుడిదే. సర్దుకునే నెలే వేరు.

కొండ మీద మంటలు

ఇప్పుడంటే ఫోన్ నొక్కితే తేదీ వస్తోంది. పూర్వం ఎలా తెలిసేది?

నెలవంక కనిపించిందని సాక్షులొచ్చి యెరూషలేములో పెద్దల సభ ముందు చెప్పేవాళ్ళు. సభవారు వాళ్ళని ప్రశ్నించి, నమ్మకం కుదిరితే కొత్త నెల ప్రకటించేవాళ్ళు. ఆ కబురు దూరానికి చేరడానికి కొండల మీద మంటలు వేసేవాళ్ళు. ఒక కొండ మీద మంట చూసి ఇంకో కొండవాళ్ళు వేసేవాళ్ళు. అలా మంట నుంచి మంటకి బాబిలోను దాకా కబురు వెళ్ళేది. అయితే గిట్టనివాళ్ళు దొంగ మంటలు వేసి గందరగోళం చేశారట. దాంతో మంటలు మానేసి మనుషుల్ని పంపడం మొదలుపెట్టారని మిష్నా అనే వాళ్ళ పాత గ్రంథం చెబుతుంది. మనుషులు నడిచి వెళ్ళేసరికి ఆలస్యమయ్యేది. ఏ రోజో తేలక దూరప్రాంతాలవాళ్ళు పండగని రెండు రోజులు చేసుకునేవాళ్ళు. ఇప్పటికీ ఇజ్రాయెల్ బయట ఉన్న సంప్రదాయ యూదులు చాలా పండగలు ఒక రోజు ఎక్కువే చేసుకుంటారు. లెక్క తెలిసినా అలవాటు పోలేదన్నమాట!

నాలుగో శతాబ్దంలో రెండో హిల్లేలు అనే పెద్దాయన సాక్షుల పద్ధతి మానేసి గణితంతో స్థిరమైన క్యాలెండరు ఏర్పాటు చేశాడని సంప్రదాయం చెబుతుంది. జనం చెదిరిపోతున్నారు, సభలు పెట్టే వీల్లేదు. లెక్క చేతిలో ఉంటే ఎవరు ఎక్కడున్నా ఒకే రోజు పండగ చేసుకోవచ్చు. ఆ లెక్కలో చమత్కారాలూ ఉన్నాయి. సంవత్సరాది ఆదివారం, బుధవారం, శుక్రవారం రాకూడదు. వస్తే ప్రాయశ్చిత్త దినం విశ్రాంతి దినానికి ముందో వెనకో పడి వరసగా రెండు రోజులు వంటా వార్పూ లేకుండా పోతుంది, లేదా పర్ణశాలల పండగలో ఒక ముఖ్యమైన రోజు శనివారంతో ఢీకొంటుంది. అందుకని ఒక నెలలో ఒక రోజు కలపడం, ఇంకో నెలలో తగ్గించడం. మన పంచాంగకర్తలు చూస్తే ‘మనవాళ్ళే’ అనుకుంటారు!

పోయినవాళ్ళ రోజు

అసలు విషయానికొద్దాం. మనం తద్దినం అన్నట్టే యూరప్ యూదులు ‘యార్‌ట్సైట్’ అంటారు. ఏటా పోయిన రోజు. ఇంగ్లిషు తేదీకి కాదు, హీబ్రూ తేదీకి. ముందురోజు సాయంత్రం పొద్దుగూకే వేళ ఒక దీపం వెలిగిస్తారు. మర్నాటి పొద్దుగూకే దాకా, ఇరవై నాలుగు గంటలు అది వెలుగుతూ ఉండాలి. కొడుకు మందిరానికి వెళ్ళి ‘కద్దీష్’ అనే ప్రార్థన చదువుతాడు. దానికి పదిమంది తోడుండాలి. ఒంటరిగా చదవకూడదు. నాకు భలే నచ్చిందిది. దుఃఖం మోసేవాడికి పదిమందిని తోడివ్వడం. 2020లో మా అన్నయ్యకి ఒక్కరు కూడా దొరకలేదు.

హెబ్‌కాల్ లాంటి క్యాలెండర్లలో ఇందుకో పేజీయే ఉంటుంది. పోయినవాళ్ళ పేరు రాసి, ఇంగ్లిషు తేదీ ఇవ్వాలి. తర్వాత ఒక ప్రశ్న అడుగుతుంది: ‘పొద్దుగూకాక పోయారా?’ అది ఎందుకంటే వాళ్ళకి రోజు సూర్యాస్తమయంతో మొదలు. పొద్దుగూకకముందు పోయినవారికీ, పొద్దుగూకాక పోయినవారికీ ఇంగ్లిషు తేదీ ఒకటే అయినా హీబ్రూ తేదీలు వేరు. ఆ ఒక్క గుర్తు సరిగ్గా పెడితే రాబోయే ఏళ్ళకి వరసగా తేదీలు ఇచ్చేస్తుంది. కావాలంటే ఫోన్‌లో క్యాలెండర్‌లోకి ఎక్కించుకోవచ్చు. ఈ-మెయిల్‌లో ముందుగా గుర్తు చేస్తుంది.

ఇక్కడా మన ఇంటి చిక్కే. మామూలు సంవత్సరం అదారులో పోయినవారికి, రెండు అదారులొచ్చిన ఏడు ఎప్పుడు? కొందరు మొదటి అదారు అంటారు, కొందరు రెండోది అంటారు. రెండిట్లోనూ చేసేవాళ్ళూ ఉన్నారు. ఒక నెల ముప్ఫయ్యో తేదీన పోతే, ఆ నెలకి ముప్ఫయ్యో తేదీ లేని ఏడు ఎప్పుడు? మొదటి ఏడాది ఎలా వచ్చిందో చూసి నిర్ణయిస్తారు. కంప్యూటరు లెక్క చెప్పగలదు కానీ ఏ ఆచారం పట్టుకోవాలో చెప్పలేదు. దానికి ఇంట్లో పెద్దవాళ్ళనో గురువునో అడగాల్సిందే. మా శాస్త్రిగారిని కాదని అన్నయ్య వెబ్‌సైట్‌నే నమ్మితే అమ్మ ఒప్పుకుంటుందా?

మన పంచాంగం వెబ్‌సైట్లు వాడే పాఠకులకి నేను నేర్చుకున్న నాలుగు మాటలు చెబుతాను. ముందు ఊరి పేరు సరిచూసుకోండి, చాలాసార్లు అది ఢిల్లీయో ఉజ్జయినో పెట్టి ఉంటుంది. పోయిన తేదీతోపాటు గంట కూడా రాసిపెట్టుకోండి, తిథి మధ్యాహ్నం మారి ఉండొచ్చు. మాసం దక్షిణాది లెక్కో ఉత్తరాది లెక్కో చూడండి, వాళ్ళకి పున్నమితో నెల ముగుస్తుంది కాబట్టి బహుళ పక్షంలో నెల పేరే మారిపోతుంది. అధికమాసం వచ్చిన ఏడు అయితే యంత్రాన్ని వదిలి మనిషిని అడగండి.

తేదీ తెలియనివాళ్ళు

మరి పోయిన రోజే తెలియకపోతే?

మా అమ్మమ్మది చుండూరు. తెనాలి నుంచి బాపట్ల వైపు రైలెక్కితే కాసేపట్లో వచ్చే ఊరు. ఇప్పుడు బాపట్ల జిల్లాలో ఉంది. మా వేసవి సెలవులన్నీ అక్కడే. అమ్మమ్మకో తమ్ముడుండేవాడు. 1977 నవంబరులో నాగాయలంక వైపు బంధువులింటికి వెళ్ళాడు. 19వ తేదీన ఉప్పెనొచ్చింది. దివిసీమలో వేలమందిని సముద్రం ఈడ్చుకుపోయింది. మా చిన్న తాతయ్య తిరిగి రాలేదు. శవం దొరకలేదు.

ఉప్పెన తేదీ ఉందిగా, ఆ తిథికే పెట్టొచ్చుగా అని ఒకసారి అమ్మమ్మని అడిగాను. ‘‘ఆ రాత్రే పోయాడని నీకెవరు చెప్పారే? ఏ చెట్టో పట్టుకుని రెండ్రోజులు ఉన్నాడేమో. నాకేం తెలుసు?’’ అంది. అందుకే ఏటా మహాలయ అమావాస్యకి ఆయన పేరున స్వయంపాకం ఇచ్చేది. తిథి తెలియనివాళ్ళందరికీ మన పెద్దలు పెట్టిన రోజది. 

యూదులకీ అలాంటి రోజొకటి ఉందని తెలిసి చాలాసేపు ఏమీ చదవలేకపోయాను. హిట్లర్ మారణహోమంలో సుమారు 60 లక్షల మంది యూదులు చనిపోయారు. లక్షల మందికి ఏ రోజు పోయారన్నది చెప్పడానికి ఇంట్లో ఒక్కరూ మిగల్లేదు. ఎవరికీ తెలియని ఆ రోజులన్నిటికీ కలిపి ఇజ్రాయెల్ మతపెద్దలు టేబేతు నెల పదో తేదీని నిర్ణయించారు. అది అంతకుముందు నుంచే ఉన్న ఉపవాస దినం. తేదీ తెలియని తమవాళ్ళ కోసం ఆ రోజు కద్దీష్ చదువుతారు. మా అమ్మమ్మ ఏనాడూ యూదుల పేరు విన్నది కాదు. వింటే మాత్రం ‘‘మన మహాలయం లాంటిదన్నమాట’’ అని ఒక్క మాటలో తేల్చేసేది.

చుండూరులో తేదీ

చుండూరు పేరు రాశాక ఇంకో తేదీ గురించి రాయకుండా కాలమ్ ముగించడం నాకు చేతకాలేదు.

1991 ఆగస్టు 6. మా ఊళ్ళో ఎనిమిది మంది దళితుల్ని వెంటాడి చంపారు. కొందరి శవాలు మురుగుకాల్వలో దొరికాయి. ఊళ్ళోనే ప్రత్యేక కోర్టు పెట్టి విచారించారు. 2007 జూలై 31న ఆ కోర్టు 21 మందికి యావజ్జీవ శిక్ష వేసింది. 2014 ఏప్రిల్ 22న హైకోర్టు నిందితులందరినీ నిర్దోషులుగా విడిచిపెట్టింది. దాని మీద అప్పీళ్ళు సుప్రీంకోర్టుకి వెళ్ళాయి. చనిపోయినవాళ్ళని ఊళ్ళోనే ఒకచోట పూడ్చారు. ఆ చోటుని రక్తక్షేత్రం అంటారు. ఏటా ఆగస్టు 6న అక్కడికి జనం వస్తారు.

నాకప్పటికి ఊహ తెలియదు. సెలవులకి వెళ్ళినప్పుడు ఎవరైనా ఆ మాటెత్తితే మా ఇంట్లో పెద్దవాళ్ళు మాట మార్చేసేవాళ్ళు. మా అమ్మమ్మ క్యాలెండర్లో పాలవాడి లెక్క దగ్గర నుంచి ముత్తాత తద్దినం దాకా అన్నీ ఉండేవి. అందరి పోయిన రోజులూ ఉండేవి. ఆగస్టు 6 దగ్గర ఏమీ ఉండేది కాదు. చిన్న తాతయ్య కోసం నలభై ఏళ్ళు కన్నీళ్ళు పెట్టుకున్న మనిషి, నాలుగు వీధుల అవతల తల్లులు ఏ రోజు ఏడుస్తున్నారో గుర్తుపెట్టుకోలేదు. ఇది రాయడానికి నాకు బాగానే ఉందా అంటే, లేదు.

ఊరికే చూద్దామని ఆ తేదీని హీబ్రూ క్యాలెండర్లో కొట్టాను. 5751, ఆబు నెల 26 అని వచ్చింది. మన లెక్కలో ప్రజోత్పత్తి నామ సంవత్సరం, ఆషాఢ బహుళం. కానీ రక్తక్షేత్రం దగ్గరికి వచ్చేవాళ్ళు ఈ రెండూ చూడరు. వాళ్ళు పట్టుకున్నది ఇంగ్లిషు తేదీనే. అది కోర్టు కాగితాల్లో ఉన్న తేదీ, పేపర్లలో వచ్చిన తేదీ. ఎవరూ కాదనలేని తేదీ. న్యాయం అడిగేవాళ్ళకి ఆ తేదీయే కావాలి. పంచాంగం చూడక్కర్లేదు, శాస్త్రిగారిని అడగక్కర్లేదు. ఎన్నేళ్ళయినా అది జరగదు.

ఏ క్యాలెండరు అయితేనేం? కొత్తరెడ్డిపాలెంలో చాంద్రమానం, రక్తక్షేత్రంలో ఇంగ్లిషు తేదీ, మా ఇంట్లో తిథి. పోయినవాళ్ళు ఏడాదికి ఒక్కరోజైనా మన ఇంట్లో ఉండాలన్నదే అందరి తాపత్రయం. లెక్క కట్టడానికి వెబ్‌సైట్లున్నాయి. ఎవరి పేరు అందులో రాయాలో మాత్రం మనమే అనుకోవాలి.

ఇంతకీ నాన్న ఆబ్దికం సంగతి చెప్పలేదు కదూ. అన్నయ్య డల్లాస్‌లో అక్కడి తిథికి పెట్టాడు. అమ్మ తెనాలిలో శాస్త్రిగారు చెప్పిన రోజున బ్రాహ్మడికి స్వయంపాకం ఇచ్చింది. ‘‘రెండు రోజులు చేస్తే తప్పా?’’ అని బెంగపడింది. కొండ మీద మంటల కథ చెప్పాను. దూరంగా ఉన్నవాళ్ళు రెండు రోజులు చేసుకోవడం వేల ఏళ్ళ నుంచీ ఉందమ్మా అన్నాను. ‘‘అయితే సరే’’ అని నెమ్మదించింది.

అక్టోబరు మొదటి వారంలో, నాన్న పోయిన ఇంగ్లిషు తేదీ సాయంత్రం నేనూ ఒక దీపం పెట్టాను. అది ఏ శాస్త్రంలోనూ లేదు. ఫోన్ చేసి అమ్మకి చెబితే కాసేపు మాట్లాడలేదు. ‘‘నేనూ పెట్టానే, ఏటా పెడతాను. మీరు నవ్వుతారని చెప్పలేదు’’ అంది.

కొత్త సంవత్సరం క్యాలెండరు తెనాలి నుంచి ఎప్పట్లాగే అమ్మే పంపింది. గోడకి తగిలించే ముందు ఎర్ర పెన్ను తీసుకుని నాన్న తిథి రాశాను. మహాలయ అమావాస్య దగ్గర చిన్న తాతయ్య పేరు రాశాను. తర్వాత ఆగస్టు పేజీ తిప్పి, ఆరో తేదీ గడిలో ‘చుండూరు’ అని రాశాను.